దొరల భత్యము – రైతు కడియము

1893లో దొరలకొక భత్యము లభించినది. ఆ యేటనే దేవనకొండ రైతు ఇంటిలోని వెండి కడియము విలువ తగ్గినది. రెంటికిని మూలమొక్కటే: వెండి.

1873 ప్రాంతమున జర్మనీ బంగారు నాణెమునకు మారి తన వెండిని అమ్మజూపుటతో దాని ధర దిగజారెను. అంతకుముందు ఇంచుమించు 24 పెన్నీలు పలికిన మన రూపాయి 1892-93 నాటికి 15 పెన్నీలకు దిగినది. దొరల జీతము రూపాయలలో. భార్యాబిడ్డల ఖర్చు సీమలో, పౌనులలో. వారి యిబ్బంది నిజమే, కాదనరాదు. మొరలు ఫలించినవి. ఇచట స్థిరనివాసము లేని ఐరోపా, యురేషియను ఉద్యోగులకు జీతములో సగమును, ఏటికి వేయి పౌనుల పరిమితిలో, రూపాయికి 18 పెన్నీల చొప్పున లెక్కగట్టి, తరుగును ఖజానా భరించెను. ఖజానా నింపినది రైతు గదా! లాహోరు కాంగ్రెసు నిరసించినది.

ఆ రైతు 1876-78 కరవు చూచినవాడు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సలహాపై కరవుపనుల కూలి రాత్తలు ధాన్యపు వెలకును, మీద అర అణాకును తగ్గినది. కొన్ని నెలలకు సడలింపక తప్పలేదు. నాడు ఆదరువు ఒంటిమీది వెండియే. టంకశాల స్వల్ప రుసుముతో దానిని రూపాయలుగా ముద్రించి యిచ్చెడిది. 1893 జూన్ 26న ఆ తలుపు మూసిరి. రూపాయి 1898 నాటికి 16 పెన్నీలకు చేరుకొన్నది. కడియము వట్టి లోహముగా మిగిలెను. నడుమ 1896-97లో ఈ సీమకు మరల కరవు వచ్చెను. కడియమునకు ఎత్తుకెత్తు రూపాయలు ఈయవలసిన పని షావుకారుకు లేకపోయెను.