కాల్చడం వేరు, మాడ్చడం వేరు

మాంసాన్ని నిప్పుల మీద కాల్చుకు తినడం మనకు కొత్త విద్యేమీ కాదు. ఊచకు గుచ్చి కాల్చిన మాంసానికి అమరకోశంలో ‘శూల్యం’ అని పేరే ఉంది. అమరం వల్లించినవాణ్ణి గనక ఆ విద్య కూడా నాకు పట్టుబడినట్లే అనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు!

కిందటి సంక్రాంతి సెలవుల్లో మిత్రులను సకుటుంబంగా మా ఇంటికి పిలిచాను. పెరట్లో నూతి పక్కన మూడువైపులా ఇటుకలు పేర్చి, పైన ఇనుప జాలీ పరిచి, బొగ్గులు రాజేశాను. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు పట్టించి మా ఆవిడ రాత్రే నానబెట్టిన కోడి తొడముక్కలను, మంట భగభగమంటుండగానే జాలీ మీద పరిచేశాను. కొవ్వు కరిగి బొగ్గుల మీద పడ్డకొద్దీ మంట జానెడేసి ఎత్తున లేచింది. పది నిమిషాల్లో ముక్కలు నల్లబడ్డాయి.

“భేష్, ఏం రంగు మాస్టారూ!” అన్నారు చరిత్ర మాస్టారు. నేను పొంగిపోయాను.

మొదటి ముక్క లెక్కల మాస్టారి ఆరేళ్ల అమ్మాయికి పెట్టాను. ఆ పిల్ల ముక్క విరిచి చూసి, “పెదనాన్నా, లోపల పచ్చిగా ఉంది” అన్నది.

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ ముక్కలన్నీ లోపలికి పట్టుకుపోయి కూర వండింది. అతిథులు భోంచేసేసరికి రాత్రి పది దాటింది. ఆ పిల్ల విరిచి చూడకుండా తినేసి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు నాకు పాఠం చెప్పాడు. బొగ్గుల మీద తెల్లని బూడిద పట్టేదాకా ఆగాలట. బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్క ఖాళీగా ఉంచాలి. నిప్పు మీద ముక్కకు రంగు రానిచ్చి, ఖాళీ పక్కకు జరిపి, పైన పెద్ద మూత బోర్లిస్తే సెగ లోపలికంటా దిగుతుంది. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. ముక్క లోపల వేడి 74 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరితే అవి చస్తాయి. రంగును నమ్మరాదు, ఉడికిన ముక్క కూడా ఎముక దగ్గర ఎర్రగా కనిపించవచ్చు. వంటకు వాడే థర్మామీటరు ములుకును ఎముకకు తగలకుండా, కండ దళసరిగా ఉన్నచోట గుచ్చి చూడటమే సరైన పద్ధతి. పచ్చిముక్కలు పెట్టిన పళ్లెంలో కాల్చినవి పెట్టకూడదు సుమా!

మొన్న ఆదివారం మళ్లీ అందరినీ పిలిచాను. ముప్పావు గంట పట్టింది. ఈలోగా చరిత్ర మాస్టారు రెండుసార్లు “అయిందా?” అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. థర్మామీటరు గుచ్చి, లెక్కల మాస్టారి అమ్మాయిని పిలిచి అంకె చదవమన్నాను.

“డెబ్బై ఎనిమిది, పెదనాన్నా!”

అప్పుడు అందుకున్నాను, కడిగిన పళ్లెం.