హిస్టరీ చదివితే ఏమొస్తది?

మా పెద్దనాన్న బిడ్డ ఉస్మానియాలో ఎంఏ హిస్టరీ చదువుతోంది. పండక్కి గోదావరిఖని వచ్చిందంటే చాలు, క్వార్టర్ల దగ్గర అందరూ అడిగేది ఒకటే: "హిస్టరీ చదివితే ఏమొస్తది బిడ్డా?" నిజం చెప్పాలంటే నాకూ అదే డౌట్. స్కూల్లో హిస్టరీ అంటే రాజు పేరు, తేదీ, యుద్ధం. పరీక్ష అయిపోతే అన్నీ మర్చిపోవడమే. మొన్న దసరా సెలవుల్లో అక్క సిలబస్ తిరగేశాక నా డౌట్ చాలావరకు తీరింది. అదేంటో మీకూ చెప్తా.

యూనివర్సిటీలో చరిత్రని మామూలుగా మూడు ముక్కలు చేసి చెప్తారు: ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక. ఈ గీతలు ఎవరు గీశారని అడిగితే అక్క జేమ్స్ మిల్ పేరు చెప్పింది. ఆయన ఇండియాలో ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండానే 1817లో బ్రిటిష్ ఇండియా చరిత్ర రాశాడు. అందులో మన గతాన్ని హిందూ, ముస్లిం, బ్రిటిష్ కాలాలుగా విడగొట్టాడు. తర్వాత పేర్లు మారాయి గానీ గీతలు చాలావరకు అక్కడే ఉన్నాయి. "అందుకే ప్రతిదానికీ 'ఇది మనకెట్ల తెలుసు?' అని అడగాలె తమ్మీ. మా చదువంతా గదే" అంది అక్క.

ఈ ప్రశ్నని మన ఏరియా మీదే పెట్టి చూద్దాం.

గోదావరి వెంట ఎగువకు పోతే, పెద్దవాగు వచ్చి కలిసే చోట కోటిలింగాల ఉంది. 1970ల చివర, 1980ల మొదట్లో రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున వి.వి. కృష్ణశాస్త్రి గారు అక్కడ తవ్వకాలు జరిపించారు. శాతవాహన వంశం మొదటి రాజు పేరు పురాణాల్లో రకరకాలుగా ఉంది: ఒకచోట సిశుక, ఇంకోచోట సింధుక. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహ శాసనంలో సిముక అని ఉంది. కోటిలింగాలలో దొరికిన నాణేల మీద ఛిముక సాతవాహన అని చదివారు. ఒకే మనిషి గురించి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు ఆధారాలు. మన భాషలో చెప్పాలంటే మూడు వేర్వేరు సర్వర్ల లాగ్స్ మ్యాచ్ అయినట్టు.

నేను వెంటనే అన్నాను: "అంటే శాతవాహనుల మొదటి రాజధాని మనదే కదా!" వాట్సాప్‌లో అందరూ అదే ఫార్వర్డ్ చేస్తారు. అక్క నవ్వింది. "నాణెం జేబుల ఎటైనా పోతది. నీ జేబుల నోటు మీద రిజర్వ్ బ్యాంక్ అని ఉంటది, బ్యాంక్ నీ ఇంట్ల ఉన్నట్టా?" అంది. నాకు కొంచెం బాధేసింది గానీ పాయింట్ కరెక్టే. అయితే అక్కడ గోబద, నారన, సమగోప లాంటి రాజుల నాణేలు కూడా దొరికాయి. వీళ్ళు శాతవాహనుల కంటే ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన వాళ్ళని చరిత్రకారులు అంటారు. ఇక్కడ పాత రాజ్యం ఉందని చెప్పడానికి అది గట్టి ఆధారం. ఇదే మొదటి రాజధాని అని చెప్పడానికి మాత్రం అది సరిపోదు. ఎంతవరకు చెప్పొచ్చో అంతవరకే చెప్పి ఆగడం కూడా ఈ చదువులో భాగమే.

మన లాంటి వాళ్ళకి నచ్చే మనిషి ఇంకొకాయన ఉన్నాడు: డి.డి. కోశాంబి. వృత్తికి లెక్కల ప్రొఫెసర్. పాత వెండి నాణేలు చేతులు మారే కొద్దీ అరిగి బరువు తగ్గుతాయి కదా. ఆయన తక్షశిలలో దొరికిన నిధుల్లోని నాణేల బరువుల్ని స్టాటిస్టిక్స్‌తో లెక్కగట్టి, ఏవి ముందువో ఏవి తర్వాతవో వరస పెట్టాడు. తేదీ రాసి లేని వస్తువుకి అలా కాలక్రమం వచ్చింది. హిస్టరీలో లెక్కలుండవని ఎవరన్నారు?

ఇక మన బొగ్గు దగ్గరికొద్దాం. 1871లో జియాలజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ఎక్కువ వాటాలు కొన్నాడు. ఇప్పుడు మిల్ గీతలు పెట్టి చూడండి. ఒకపక్క నిజాం రాజ్యం, పల్లెల్లో జాగీర్దార్లు, వెట్టిచాకిరీ. ఇంకోపక్క లండన్ పెట్టుబడి, ఆవిరి ఇంజన్. ఇది మధ్యయుగమా, ఆధునికమా? రెండూ ఒకే ఊళ్ళో, ఒకే రోజు నడిచాయి.

ఈ తేదీలన్నీ రికార్డుల్లో ఉన్నాయి. మరి బాయి దిగిన మనిషి ఎక్కడున్నాడు? ఏ ఏడు ఎన్ని టన్నులు తీశారో రాసి పెట్టారు. తట్టా చెమ్మస్ పట్టుకుని ఆ టన్నులు నింపిన ఫిల్లర్ ఏం తిన్నాడో, చీకట్లో దేనికి భయపడ్డాడో ఆ లెక్కల్లో ఉండదు. 1990ల మొదట్లో సింగరేణిలో 1 లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గర్లో ఉన్నారు. మెషీన్లు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి, చాలా అండర్‌గ్రౌండ్ బాయిలు మూతబడ్డాయి. అటు కోటిలింగాల దాకా ఎల్లంపల్లి బ్యాక్‌వాటర్ వచ్చింది. ఆ దిబ్బలో తవ్వింది కొంతే. మన దగ్గర ప్రాచీనం నీళ్ళ పక్కన ఉంది, ఆధునికం ముసలివాళ్ళ జ్ఞాపకాల్లో ఉంది. రెండూ ఎక్కువ రోజులు ఆగవు.

మా తాత ఫిల్లర్. రెండేళ్ళ కింద పోయాడు. నా ఫోన్‌లో ఆయన ఫోటోలు చాలా ఉన్నాయి. మాట ఒక్కటి కూడా లేదు. బాయి ముచ్చట్లు చెప్తుంటే నేను రీల్స్ చూసుకుంటూ "ఊ" కొట్టేవాణ్ణి.

అందుకే ఆ సెలవుల్లో అక్కా నేనూ పక్క క్వార్టర్ తాత దగ్గర కూర్చుని రికార్డ్ చేశాం. ఆయన బాయిలో చేరింది 1974 అన్నాడు. అపాయింట్‌మెంట్ కాగితం తీస్తే 1976 అని ఉంది. నేను తప్పు దొరికిందనుకున్నా. అక్క మాత్రం "ఆ రెండేండ్లు ఏం చేసినవ్ తాతా?" అని అడిగింది. పేరు పుస్తకాల్లోకి ఎక్కకముందు కాంట్రాక్టర్ కింద రోజుకూలీకి చేశాడట. కాగితమూ నిజమే, తాతా నిజమే. రెండూ పక్కపక్కన పెడితేనే అసలు సంగతి బయటపడింది.

హిస్టరీ చదివితే ఏమొస్తది అంటే, నాకు తెలిసి ఆ రెండో ప్రశ్న అడగడం వస్తది. మీ ఇంట్లో రిటైరైన వాళ్ళుంటే ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఫోన్ ఆన్ చేసి పక్కన కూర్చోండి. మొదలుపెట్టడానికి ఒక్క మాట చాలు: "మొదటి రోజు డ్యూటీకి ఎట్ల పోయినవ్?"