గోవాలో పోకర్‌కి ఎంత తీసుకెళ్లాలి? లెక్క చూద్దాం రండి

ఈరోజు మహానంది నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టినాడు: "అన్నా, డిసెంబర్‌లో నలుగురం గోవా పోతున్నాం. క్యాసినోలో పోకర్ ఆడాలని ఉంది. 20 వేలు చాలా? ఎంత గెలవొచ్చు?" ఈ వీడియో అంతా దానికి జవాబే.

ముందు, గోవానే ఎందుకు? 2020లో మన ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ని నిషేధించినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. అందుకే మనోళ్ల చూపు పణజిలో మాండవి నది మీదున్న క్యాసినో పడవల మీద పడింది. నంద్యాలలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా మడగావ్‌లో దిగొచ్చు. 21 ఏళ్లు నిండకపోతే లోపలికి రానివ్వరు. ఇంకో సంగతి తెలుసా? 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్లకే క్యాసినోల్లోకి ప్రవేశం లేదని రూల్ పెట్టినారు. అంటే టేబుల్ మీద పడే దుడ్లన్నీ మనలాంటి బయటోళ్లవే!

సరే, ఆటలోకి వద్దాం. రౌలెట్‌లో మనం క్యాసినోతో ఆడతాం. పోకర్‌లో పక్కన కూర్చున్నోళ్లతో ఆడతాం. క్యాసినో ప్రతి పాట్ నుంచి కొంత కమీషన్ తీసుకుంటుంది, దాన్నే రేక్ అంటారు. ఉదాహరణకి 100-200 టేబుల్ తీసుకుందాం. బిగ్ బ్లైండ్ 200 రూపాయలు. మామూలుగా 100 బిగ్ బ్లైండ్లతో కూర్చుంటారు, అంటే 20 వేలు. అది ఒక్క బై-ఇన్.

టేబుల్ మీద తొమ్మిది మంది. డీలర్ చేత్తో ముక్కలు పంచాలి కాబట్టి గంటకు 27 హ్యాండ్లు అనుకోండి. సగటు పాట్ 4 వేలు, రేక్ 5 శాతం అనుకుందాం. హ్యాండ్‌కి 200, గంటకు 5,400 రూపాయలు టేబుల్ మీంచి వెళ్లిపోతాయి. మనిషికి గంటకు 600. ముక్క మంచిదైనా, చెడ్డదైనా ఈ ఖర్చు తప్పదు.

ఇప్పుడు అందులో ఇద్దరు బాగా ఆడేవాళ్లు, రేక్ పోను గంటకు తలా వెయ్యి గెలుస్తున్నారనుకోండి. ఆ 2 వేలు, రేక్ 5,400, కలిపితే 7,400. ఇది ఎవరు కట్టాలి? మిగతా ఏడుగురే. తలా గంటకు వెయ్యికి పైనే. కాబట్టి కూర్చునే ముందు నిజాయితీగా అడుక్కోవాల్సిన ప్రశ్న: నేను ఆ ఇద్దరిలోనా, ఈ ఏడుగురిలోనా?

సరే, మీరు ఆ ఇద్దరిలో ఒకరే అనుకుందాం. గంటకు సగటున 5 బిగ్ బ్లైండ్లు, అంటే వెయ్యి రూపాయలు. ఈ స్థాయి ఆటలో అది చాలా మంచి ఫలితం. కానీ సగటు వేరు, ఈ రాత్రి జరిగేది వేరు. గంటలో 50 బిగ్ బ్లైండ్లు అటూ ఇటూ ఊగడం మామూలే. నేను పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి, 10 గంటల ట్రిప్‌ని వేలసార్లు నడిపి చూసినా. ఇంత బాగా ఆడేవాడు కూడా నూటికి సుమారు 38 ట్రిప్పుల్లో నష్టంతోనే ఇంటికి వస్తాడు. నూటికి రెండు మూడు ట్రిప్పుల్లో 50 వేలకు పైగా పోతుంది. వంద గంటలు ఆడినా ఆరుసార్లలో ఒకసారి నష్టమే. వెయ్యి గంటలు దాటినాకే అదృష్టం పక్కకు పోయి ఆట కనిపిస్తుంది.

ఏడాదికి రెండుసార్లు గోవా పోయి, పోయినప్పుడల్లా 10 గంటలు ఆడితే, వంద గంటలకు ఐదేళ్లు పడుతుంది. వెయ్యి గంటలకు? యాభై ఏళ్లు!

నాకు ఈ లెక్క ఆలస్యంగా తెలిసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు మొదటి ట్రిప్‌లో 26 వేలు గెలిచినా. బీటెక్ బుర్ర కదా, నా తెలివే అనుకున్నా. రెండో ట్రిప్‌లో తెచ్చుకున్న 40 వేలు అర్ధరాత్రి లోపే పోయినాయి. అప్పుడు లేచి రావాల్సింది. ఫోన్ తీసినా. తోటకు డ్రిప్ పైపులు కొనమని నాన్న నా అకౌంట్లో వేసిన 35 వేలు ఉన్నాయి. తెల్లారేసరికి అవీ లేవు. ఆ నెల జీతం వచ్చేదాకా నాన్నకు "స్టాక్ లేదంట నాన్నా" అని అబద్ధం చెప్పినా. పైపులు ఆలస్యమైనందుకు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అబద్ధం మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే బ్యాంక్‌రోల్ అంటే ఏందో సరిగ్గా చెప్తా. మొత్తం పోయినా అద్దె, ఈఎంఐ, ఇంటి ఖర్చు కదలని డబ్బు. అది ఆటకి మాత్రమే. సీరియస్‌గా ఆడేవాళ్లు 20 నుంచి 30 బై-ఇన్‌లు పెట్టుకుంటారు. మన టేబుల్‌కి అది 4 నుంచి 6 లక్షలు. వరసగా ఓడినా ఆటలో నిలబడడానికి అంత కావాలి. అంత లేనోడి దగ్గర ఉండేది బ్యాంక్‌రోల్ కాదు, ట్రిప్ బడ్జెట్. దాన్ని సినిమా టికెట్ లాగా చూడాలి. ఖర్చు పెట్టేసినట్టే.

పన్ను కూడా మర్చిపోవద్దు. పేకాటలో గెలిచిన దాని మీద 30 శాతం, దానిపైన సెస్సు. రైలు, రూము ఖర్చు అందులో తగ్గించరు. పోగొట్టుకున్నది జీతంలో చూపించి పన్ను తగ్గించుకోవడమూ కుదరదు. 10 గంటలకు సగటున వచ్చే 10 వేలలో పన్ను, ప్రయాణం తీసేస్తే మంచి ఆటగాడికీ మిగిలేది దాదాపు సున్నా.

కాబట్టి తమ్ముడూ, నీ మొదటి ప్రశ్నకి జవాబు: 20 వేలు ఒక్క బై-ఇన్. ఒక్క చెడ్డ హ్యాండ్‌లో అయిపోవచ్చు. రెండు బై-ఇన్‌లు పోయినా నవ్వుకుంటూ రాగలిగితేనే ఆ టేబుల్‌లో కూర్చో. లేకపోతే కూర్చోవద్దు, చూసి రా. కార్డులు రూములో పెట్టు. పోయే ముందే యూపీఐ లిమిట్ తగ్గించుకో. ఎన్ని గంటలకు లేవాలో ముందే ఫ్రెండ్‌కి చెప్పు. అప్పు తెచ్చి మాత్రం ఒక్క రూపాయి కూడా వద్దు.

రెండో ప్రశ్న, ఎంత గెలవొచ్చు? ఒక్క ట్రిప్‌లో ఎంతైనా రావచ్చు, ఎంతైనా పోవచ్చు. వచ్చినా అది నీ ఆట గురించి ఏమీ చెప్పదు.

మహానంది కోనేరు చూసినారు కదా. ఎన్ని నీళ్లు తోటలకు పారినా మళ్లీ ఊరుతూనే ఉంటాయి. మన జేబుకి అలాంటి ఊట లేదు ఫ్రెండ్స్. లెక్క చూసుకొని పోండి. మీ అనుభవాలు కింద కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.