పేడపురుగు: ప్రకృతిలోను, ప్రాచీన శిల్పాభరణములలోను

కావేరిపట్టణము ప్రక్కగా పారు దక్షిణ పినాకిని ఒడ్డున, వానలు పడిన దినములలో, పశువులు నడచిన బాటవెంట పోవువారికి ఒక చిన్న దృశ్యము కంటబడుచుండును. తాజా పేడకుప్ప ప్రక్కన నల్లని పురుగొకటి, తనకన్న పెద్దదైన పేడ ఉండను వెనుకకాళ్లతో నెట్టుచు, తల క్రిందుగా ఉంచి వెనుకకు నడచుచుండును. పిల్లలు పుల్లతో దానిని త్రోసి నవ్వుదురు. పెద్దలు అసహ్యించుకొని దాటిపోవుదురు. కాని ఈ వంశపు పురుగునే ఈజిప్టు దేశపు ప్రాచీనులు రెండువేల యేండ్లకు పైగా సూర్యుని రూపముగా భావించిరి. బంగారములో పొదిగి రాజుల యెదపై నుంచిరి. వారు దానిలో చూచినదేమి, మనము చూడక విడిచినదేమి అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింతము.

శాస్త్రజ్ఞులు ఈ పురుగులను స్కారబేయిడే అను కుటుంబమున చేర్చిరి. ఇందు 30,000కు పైగా జాతులు కలవు. ఇవి యన్నియు పెంకుపురుగులే. వీని ముందురెక్కలు గట్టిపడి, పెంకువలె వెనుకరెక్కలను కప్పియుండును. మీసముల చివర విసనకర్రవలె విప్పి మూయదగిన పలుచని రేకులుండుట ఈ కుటుంబమునకు ముఖ్యమైన గుర్తు. ఆ రేకులతోనే యవి వాసనను దూరమునుండి పసిగట్టును.

పేడను వినియోగించుకొను విధమునుబట్టి పేడపురుగులు మూడు తెగలు. కొన్ని ఉండ చేసి దొర్లించుకొని పోయి దూరముగా పాతిపెట్టును. కొన్ని పేడకుప్ప క్రిందనే సొరంగము త్రవ్వి, పేడను లోనికి దింపుకొనును. మరికొన్ని ఆ కుప్పలోనే కాపురముండును. మన దక్షిణదేశమున ఉండలు దొర్లించువానిలో గిమ్నోప్లూరస్ ప్రజాతివి, నేల త్రవ్వువానిలో ఆంథోఫేగస్, కాథార్సియస్ ప్రజాతులవి కలవు. హోసూరుకు ఆవలనున్న డెంకణికోట అడవులలో ఏనుగులు సంచరించును. అట్టి ఏనుగుల పేడను ఆశ్రయించి బ్రతుకు హీలియోకోప్రిస్ అను మిక్కిలి పెద్ద పేడపురుగులును భారతదేశమున కలవు. ఈజిప్టువారు పూజించిన స్కారబేయస్ వీనికన్నిటికిని దాయాది.

ఈజిప్టువారు ఈ పురుగును శ్రద్ధగా చూచిరి. ఉండ దొర్లుట చూచి, ఆకాశమున సూర్యబింబమును దొర్లించు శక్తి యొకటి కలదని తలచిరి. పాతిపెట్టిన ఉండనుండి కొంతకాలమునకు క్రొత్త పురుగు వెలుపలికి వచ్చుట చూచి, ఇది తల్లిదండ్రులు లేక తనంత తాను పుట్టినదని నమ్మిరి. వారి భాషలో ఖెపెర్ అనగా కలుగుట, రూపొందుట. ఆ మాటను వ్రాయుటకు పురుగు బొమ్మనే అక్షరముగా వాడిరి. ఉదయ సూర్యునకు ఖెప్రి అని పేరిడి, పురుగునే తలగా గల పురుషునిగా చిత్రించిరి. తాను తిరిగి పుట్టవలెనని కోరు మానవునకు ఇంతకన్న తగిన గుర్తు వారికి దొరకలేదు.

ఆ నమ్మకమునుండియే స్కారబ్ అను ఆభరణము పుట్టినది. మెత్తని బలపపురాతిని పురుగు ఆకారమున చెక్కి, నీలి లేక పచ్చ మెరుగు పూసి కాల్చుట సాధారణ పద్ధతి. ధనవంతులకు ఎర్రని అకీకు, ఊదారంగు అమెథిస్టు, నీలి లాజవర్దము మున్నగు రాళ్లతో చేసిరి. పైభాగమున తల, రెక్కలు, కాళ్లు కనబడును; అడుగుభాగము చదునుగా నుండును. ఆ చదునుపై పేరో, పదవియో, శుభాక్షరములో చెక్కుదురు. పొడవునా రంధ్రముండుటచే దారమున గ్రుచ్చి మెడలో వేసికొనవచ్చును. ఉంగరమున అమర్చి త్రిప్పి ముద్ర వేయవచ్చును. ఒకే వస్తువు రక్షరేకుగాను, నగగాను, అధికార ముద్రగాను ఉపయోగపడినది.

మూడవ ఆమెన్‌హోటెప్ అను రాజు (క్రీ.పూ. 14వ శతాబ్ది) పెద్ద స్కారబులను చేయించి, అడుగున తన వార్తలను చెక్కించి దూరదేశములకు పంపెను. అట్టివి 200కు పైగా నేటికిని లభించుచున్నవి. తాను మొదటి పదియేండ్ల పాలనలో 102 సింహములను స్వయముగా వేటాడినట్లు ఒక స్కారబుపై చెప్పుకొనెను. టూటన్‌ఖామెన్ సమాధిని 1922లో హోవర్డు కార్టర్ కనుగొనెను. అందు దొరికిన పతకమొకదాని నడుమ పసుపుపచ్చని స్కారబ్ కలదు. దానిని తొలుత ఒక విధమైన రాయి యనుకొనిరి. 1990 దశకమున పరీక్షింపగా అది లిబియా ఎడారిలో దొరకు సహజమైన గాజు అని తేలినది. సుమారు 2 కోట్ల 90 లక్షల యేండ్ల క్రిందట ఉల్కాపాతపు వేడిమికి ఇసుక కరగి ఆ గాజు ఏర్పడినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో 1930 నుండి ఉన్న ఈజిప్టు మమ్మీని చూచిన తెలుగువారు ఎందరో కలరు. ఈజిప్టువారు ఇట్టి దేహములను చుట్టునపుడు, పెద్దలైనవారి యెదపై పచ్చరాతితో చేసిన హృదయ స్కారబును ఉంచు ఆచారమొకటి యుండెడిది. పరలోకమున ధర్మతూనికలో గుండెను తూచునపుడు, ఓ హృదయమా, నాకు విరోధముగా సాక్ష్యము చెప్పకుము అను ప్రార్థనను దానిపై చెక్కెడివారు. చేసిన పాపమును తన గుండెయే బయటపెట్టునేమో యను మానవుని భయమును ఆ చిన్న రాయి మోయుచున్నది. తరువాత ఫినీషియనులు, ఇటలీలోని ఎట్రుస్కనులు ఈ రూపమును గ్రహించి తమ ముద్రలకు వాడుకొనిరి. అక్కడ నమ్మకము పలుచబడినను శిల్పము నిలిచినది.

మన దేశమున పేడపురుగు నగలకెక్కలేదు. నాగరము, మకరకుండలము, హంస, నెమలి మనకు ప్రియమైనవి. కాని పురుగు రెక్కలను అలంకారమునకు వాడుట మనకును తెలియును. పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసి పెంచు జీరంగిని ఎరుగనివారుందురా? అది స్కారబ్ కుటుంబమునకు చెందక, బ్యుప్రెస్టిడే అను వేరు కుటుంబమునకు చెందినది. దాని పచ్చని పెంకు రెక్కలను వస్త్రములపై కుట్టు పని 19వ శతాబ్దిలో మదరాసు మున్నగు చోట్ల జరిగి, విదేశములకు ఎగుమతి యయ్యెను. 1888లో లండనులో లేడీ మాక్‌బెత్ పాత్ర ధరించిన ఎలెన్ టెర్రీ అను నటి వస్త్రము ఇట్టి రెక్కలతో మెరసినది. ఆ మెరుపు రంగుపూతవలన కలిగినది కాదు. పెంకులోని అతిసన్నని పొరలపై వెలుగు పడి తిరుగుటచే కలిగినది. కనుకనే వందేండ్లు గడచినను వెలియకున్నది.

ఈజిప్టువారు చూచినది నిజమే. ఊహించినదానిలో మాత్రము పొరపాటున్నది. ఫ్రాన్సు దేశీయుడైన ఫాబ్రే (1823–1915) యేండ్ల తరబడి నేలపై పండుకొని ఈ పురుగులను గమనించి, దొర్లించు ఉండ చాలవరకు ఆహారమేయనియు, తల్లి నేలలోపల వేరుగా బేరిపండు ఆకారమున ముద్ద చేసి దాని సన్నని కొనలో గ్రుడ్డు పెట్టుననియు తెలిపెను. 2013లో దక్షిణాఫ్రికా పురుగులపై జరిగిన పరిశోధన మరియొక వింతను బయటపెట్టినది. చంద్రుడు లేని రాత్రి ఈ పురుగు పాలపుంత వెలుగును ఆధారము చేసికొని దారి తప్పక నడచును. ఆకాశముతో దానికి సంబంధము కలదని ప్రాచీనులు తలచినది మరియొక విధముగా నిజమైనది.

ఇక మన పొలముల సంగతి. పేడను నేలలోనికి దింపుటచే మట్టి గుల్లబారును, వాననీరు ఇంకును, ఎరువు వేళ్లకు అందును, పేడలో పెరుగు ఈగలు తగ్గును. ఈ పని విలువను ఆస్ట్రేలియా వారు కష్టపడి నేర్చుకొనిరి. అక్కడి పురుగులు కంగారూల పేడకు అలవాటుపడినవగుటచే ఆవుపేడను ముట్టలేదు. పేడ నేలపైనే యెండి గడ్డిని చంపెను, ఈగలు పెరిగెను. 1968 మొదలు అచ్చటి ప్రభుత్వ పరిశోధకులు ఇతర ఖండములనుండి పేడపురుగులను తెచ్చి విడిచిరి. మనకు ఉచితముగా నున్నదానిని వారు ఓడలు దాటించి తెచ్చుకొనవలసివచ్చెను.

అయితే ఈ కుటుంబమున శత్రువులును కలరు. కొబ్బరి కొమ్ముపురుగు, వేరుశనగ వేళ్లను కొరుకు వేరుపురుగు ఈ వంశమువే. కొమ్ముపురుగు మొవ్వును తొలుచును. తరువాత విప్పుకొను మట్ట కత్తెరతో కత్తిరించినట్లు కనబడును. దాని పిల్లపురుగులు మన పెంటకుప్పలోనే తెల్లగా, లావుగా, వంకరగా పెరుగును. కావున పెంటను కాలమెరిగి తిరగవేసి వానిని ఏరివేయుట, ఇనుపకొక్కెముతో చెట్టునుండి పురుగును లాగుట, మెటారైజియం అను పచ్చని బూజును పెంటలో కలుపుట మేలైన మార్గములు. కాని కొమ్ము కనబడినంతనే శత్రువని నిర్ణయింపరాదు. కాథార్సియస్ వంటి పేడపురుగులకును కొమ్ము కలదు. కొబ్బరిమొవ్వులో దొరకినది శత్రువు. తాజా పేడలో దొరకినది మిత్రుడు.

నేడు ఈ మిత్రునకు రెండు కష్టములు వచ్చినవి. ట్రాక్టరు వచ్చిన పిమ్మట బాటలపై ఎడ్లు తగ్గినవి. ఉన్న పశువులకు నులిపురుగుల నివారణకై ఇచ్చు ఐవర్‌మెక్టిన్ వంటి మందు పేడలో వెలువడి, అందులోని పురుగుపిల్లలను చంపుచున్నది. మందు మానుమని చెప్పుట తగదు. పశువైద్యుని సలహాపై అవసరమైనపుడే వేయుటయు, మందు వేసిన పశువుల పేడను కొన్నాళ్లు వేరుగా ఉంచుటయు సాధ్యమే.

ఈజిప్టు శిల్పి రాతిలో చెక్కిన పురుగునకు ఆరు కాళ్లు, రంపపు పండ్లవంటి తల అంచు సరిగా కనబడును. చెక్కుటకు ముందు అతడు దానిని వంగి చూచియుండవలెను. మన బాటవెంట ఉండను నెట్టుకొనిపోవు పురుగు కనబడినపుడు మనమును ఒక్క నిమిషము వంగి చూచి, పిల్లలకు చూపి, అడుగు ప్రక్కకు వేసి పోవుదము.