ప్రొవాన్సు సీమలో పండుగ పంక్తి

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, మధ్యధరా సముద్ర తీరమున ప్రొవాన్సు అను సీమ కలదు. అందలి మార్సేయి పట్టణమున మా కనిష్ఠ కుమారుడు పరిశోధన చేయుచుండగా, వానికి తమ యింట బస యిచ్చిన పల్లెటూరి కుటుంబమువారు నన్నును రప్పించి శీతకాలమంతయు నుంచుకొనిరి. మాంసము ముట్టని, మద్యము తాకని ముదుసలి పరదేశమున నొకరి పంక్తిని గూర్చుండుట యెట్లని నాకు జంకు కలిగెను. ఆతిథ్యమును త్రోసిపుచ్చరాదు, నియమమును విడువరాదు.

మొదటి రాత్రియే చిత్రము జరిగినది. 'మెర్సీ' యనగా ధన్యవాదమని నేర్చికొని పోయితిని. గృహిణి రొట్టెల బుట్టను చాపగా వినయముతో 'మెర్సీ' యంటిని. ఆమె చిఱునవ్వుతో బుట్టను మరల్చుకొనెను. కూరగాయల పులుసును నట్లే పోయెను. వడ్డింపబోవువేళ నా మాట యొక్కటియే పలికినచో 'చాలును, వలదు' అని యర్థమట! నలువది యేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను అరకడుపుతో బండుకొని యీ సూత్రమును నేర్చికొంటిని.

మన విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, పిండివంట యన్నియు నొక్కచోటనే కానవచ్చును. వారికి ఒకటి ముగిసిన పిదపనే మఱియొకటి. తీపికి ముందు చీజు. నడుమ సంభాషణము సాగుచునే యుండును. మౌనభోజనము వారికి రోగలక్షణమువలె దోచును. ఈ భోజన పద్ధతినే 2010వ సంవత్సరమున యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో జేర్చినది. రొట్టెను తలక్రిందుగ నుంచిన కీడని వారి నమ్మకము. ఆ యింటి యవ్వ రొట్టెను గోయుటకు ముందు కత్తిమొనతో దానిపై సిలువ గుఱుతు వేసెడిది. అన్నమునకు కాలు తగిలిన కన్నుల కద్దుకొను మనకు దీనిని వేఱుగ వివరింప బనిలేదు.

క్రీస్తు జన్మదినమును వారు 'నోయెల్' అందురు. దానికై డిసెంబరు 4వ తేదినాడే, అనగా సెయింటు బార్బు పండుగనాడు, మూడు చిన్న పళ్లెరములలో తడిపిన దూదిపై గోధుమలు చల్లుదురు. మొలకలు పచ్చగ నిటారుగ నెదిగినచో వచ్చు నేడు పంట బాగుండునట. మన పెండ్లిండ్లలోని పాలికలు నాకు గనులకు గట్టినవి. నీరు పోయు పనిని నేనే యడిగి తీసికొంటిని.

24వ తేది రాత్రి ముఖ్యమైనది. బల్లపై మూడు తెల్లని గుడ్డలు, మూడు దీపములు, మొలకల పళ్లెరములు నుంచిరి. కూర్చుండువారికంటె నొక స్థానము మిక్కిలిగ నమర్చిరి. అది దారిని బోవు బీదవాని కొఱకు. తరువాత ఫలవృక్షపు మొద్దును ఇంటి కెల్ల పెద్దవాడును, కడపటి పిల్లవాడును కలిసి పట్టుకొని, బల్లచుట్టు ముమ్మాఱు తిరిగి పొయ్యిలో నుంచవలెను. ఆ యింటి తాతగారు ఆ వేసవిలోనే పోయిరి. వయస్సున పెద్దవాడను నేనే గనుక రమ్మనిరి. అగ్నికి మ్రొక్కుట నాకు గొత్తగాదు. కాని పెద్దవాడు ఆ మొద్దుపై ముమ్మాఱు ద్రాక్షాసవము పోయవలెను. నేను సంకోచించుట చూచి యవ్వ యేమియు ననక పాత్రను తానందుకొనెను. ఆఱేండ్ల బాలునితో నేను మొద్దు మోసితిని, ఆమె పోసెను. అప్పుడు పలుకవలసిన ప్రార్థన కలదు: వచ్చు నేటికి మేము ఎక్కువ కాకున్నను తక్కువ మాత్రము కాకుందుముగాక యని దాని భావము. ఆమె దానిని సగములో నాపి, తెమలుకొని ముగించెను.

నేను భయపడిన భోజనము భయపడినట్లు లేదు. ఆ రాత్రి వారికిని మాంసము నిషిద్ధము! మేరీమాత యేడు దుఃఖములకు గుఱుతుగ నేడు వంటకములు. చేపను విడిచి పాలకూరయు, కోసుపువ్వును దింటిని. పిదప పదుమూడు తీపులు వచ్చినవి, క్రీస్తునకును పండ్రెండుగురు శిష్యులకును గుఱుతుగ. ఎండు అత్తిపండ్లు, బాదములు, ఎండుద్రాక్షలు, అక్రోటులు — వీనికి 'నలుగురు భిక్షువులు' అని పేరు. భిక్షాటనము చేయు నాలుగు సన్న్యాసి శాఖల వస్త్రముల రంగులకు సరిపోవునవి. తేనెతో బాదము పప్పు ఉడికించిన నల్లని 'నుగా' మన పప్పుచెక్కకు జ్ఞాతి. ఓలివు నూనెతో జేసిన తీపి రొట్టెను కత్తితో గోయరాదు, చేతితోనే త్రుంపవలెను. కోసిన నష్టము వచ్చునట.

భోజనానంతరము బల్లను శుభ్రము చేయబోయితిని. అవ్వ చేయి పట్టి యాపెను. ఆ రాత్రి పోయిన పెద్దలు వచ్చి మిగిలినది భుజింతురట. మెతుకు కూడ దులుపరాదు. మహాలయ పక్షముల నెన్నియో చూచిన నాకు నోట మాట రాలేదు.

జనవరి 6వ తేదికి ముగ్గురు రాజుల పండుగ. వలయాకారపు తీపి రొట్టెలో నొక చిన్న పింగాణి బొమ్మను దాచుదురు. పూర్వము చిక్కుడు గింజ నుంచెడివారు. కడపటి బాలుడు బల్ల క్రింద దూఱి, ఏ ముక్క యెవరిదో కేకవేసి చెప్పును. దానిలో గ్రుడ్డు కలదు గనుక నా ముక్కను వానికే యిచ్చితిని. బొమ్మ దానిలోనే దొరికినది. ముక్క తాతగారిది గావున రాజు తాతగారే యని వాడు వాదించి, కాగితపు కిరీటమును నా తలపాగాపై బెట్టి, అందఱును నవ్వుచుండగా నిద్రవేళ వఱకు దీయనీయలేదు.