రాళ్ళమేటల లోతు

మొయినాబాదు పరిసరములందు ఎఱ్ఱని చెలకల నడుమ ఒకదానిపై నొకటి పేర్చినట్లు గ్రానైటు బండలు కానవచ్చును. ఇవి ఎచ్చటనుండియో దొర్లివచ్చినవి కావు. చుట్టునున్న మొరము వేలయేండ్ల వానలకు కొట్టుకొనిపోగా, గట్టి భాగములు ఉన్నచోటనే మిగిలినవి. చేవెళ్ళ దాటి వికారాబాదు దిక్కునకు పోయినచో, పూర్వము పారిన లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయియు, దానిపై నల్లరేగడియు కనబడును. ఇట్టి నేలలలో బోరుబావి వేయింపదలచిన రైతులు భూభౌతిక పరీక్ష చేయించుట కలదు. పరీక్షకుడు గొయ్యి త్రవ్వడు; నేలలో నాలుగు కడ్డీలు నాటి, విద్యుత్తును పంపి, నీటిజాడను అంచనా కట్టును.

ఈ విద్యయే కొండచరియలు విరిగిపడిన చోట్లను శోధించుటకును ఉపకరించుచున్నది. 2014 జూలై 30వ తేదీన మహారాష్ట్రమందలి మాళిణ్ గ్రామముపై కొండచరియ విరిగిపడి సుమారు 150 మంది మరణించిరి. 2021 డిసెంబరు 1వ తేదీన తిరుమల కనుమదారిపై పెద్దబండలు పడి దారి దెబ్బతినెను. 2024 ఆగష్టు 31వ తేదీన విజయవాడలోని మొగల్రాజపురమున కొండరాళ్ళు ఇండ్లపై పడగా కొందఱు ప్రాణములు కోల్పోయిరి.

ఇట్లు పడిన మట్టియు రాళ్ళును కొండ పాదమున మేటగా నిలుచును. కొన్నేండ్లకు దానిపై గడ్డి మొలచును. జనులు ఇండ్లు కట్టుకొందురు. ఆ మేట యెంత లోతు? మరల కదలునా? త్రవ్వి చూచితిమేని ఒక్కచోటి సంగతియే తెలియును. పైగా, అడుగుభాగమును త్రవ్వినచో మేట జారవచ్చును. కావున కుండను కొనువారు తట్టి చూచినట్లు, శాస్త్రజ్ఞులు నేలను పైనుండియే పరీక్షింతురు.

మొదటిది విద్యుత్పరీక్ష. బయటి రెండు కడ్డీల ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెండింటి నడుమ వోల్టేజిని కొలుతురు. బయటి కడ్డీలను దూరము జరిపిన కొలది లోతైన పొరల సంగతి తెలియును. తడి బంకమన్ను విద్యుత్తును సులభముగా పోనిచ్చును. సందులలో గాలి నిండిన పొడి రాళ్ళకుప్పయు, గట్టి గ్రానైటును దానిని అడ్డగించును. ఈ రెంటిని ఎట్లు వేఱుపఱచుట?

అందులకే రెండవ పరీక్ష. నేలపై నుంచిన లోహఫలకమును సమ్మెటతో కొట్టి, ఆ కంపనము దూరమున వరుసగా అమర్చిన జియోఫోనులను చేరు కాలమును కొలుతురు. వదులైన మేటలో కంపనము సెకనుకు కొన్ని వందల మీటర్లు మాత్రమే పోవును. గట్టి గ్రానైటులో సుమారు 5000 మీటర్లు పోవును. ఈ భేదమును బట్టి మేట ఎచ్చట ముగిసి అసలు శిల ఎచ్చట మొదలగునో గుర్తింతురు. పిదప ఒకటి రెండుచోట్ల బోరు వేసి సరిచూతురు. ఏలయన యంత్రము చెప్పినది అంచనాయే గాని కన్నులార చూచినది కాదు.

ఆ సరిహద్దును తెలిసికొనుటయే ముఖ్యము. వాననీరు వదులు మేటగుండ దిగి, బంకమట్టి పొరపైనో గట్టి శిలపైనో నిలిచిపోవును. నీటి ఒత్తిడి పెరిగిన కొలది మేటకు పట్టు తగ్గి, అది జారును. వానకు ముందును తరువాతను విద్యుత్పరీక్ష చేసినచో నీరు పోవు దారి తెలియును. నీటిని వెలుపలికి మళ్ళించు కాలువలు ఎచ్చట త్రవ్వవలెనో, ఎచ్చట ఇల్లు కట్టరాదో నిర్ణయింపవచ్చును.

ఇట్టి విద్యను పరిశోధించుటకు 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ స్థాపింపబడెను. అది మన హైదరాబాదునందే యున్నది.

విద్యార్థులారా! మొయినాబాదు బండలు పుట్టినచోటనే నిలిచినవి. కొండ పాదమందలి రాళ్ళమేట అట్టిది కాదు. అది పైనుండి వచ్చినది. వచ్చిన దారి ఇంకను తెఱచియే యుండవచ్చును. అచ్చట గృహమును నిర్మింపదలచువారు ముందుగా ఆ దారిని తలయెత్తి చూడవలెను, నేలను పరీక్షింపజేయవలెను.