ఆకాశమున పొదుగులు

వేసవి చివర ఉరుములవాన వచ్చిపోవు వేళ, ఆకాశము అరుదుగా ఒక వింతరూపము దాల్చును. మేఘపు అడుగున పాడియావు పొదుగువలె గుండ్రని సంచులు గుంపులుగా వ్రేలాడును. ప్రొద్దు వాలునపుడు ఏటవాలు కిరణములు సోకి అవి బంగారు వన్నెతో వెలుగును. శాస్త్రజ్ఞులు వీనిని ‘మమ్మటస్’ అందురు. లాటిను భాషలో ‘మమ్మ’ యనగా స్తనము. పశువుల కాపరికి ఈ పేరును మేము విడమరచి చెప్పనక్కరలేదు గదా!

సాధారణముగా వేడిగాలి పైకెగసి, చల్లబడి మేఘమగును. ఇవి అందుకు భిన్నముగా, క్రిందికి దిగు గాలివలన ఏర్పడును. ఉరుముమేఘము 10, 15 కిలోమీటర్ల ఎత్తు పెరిగి, శిరస్సున కమ్మరి దాగలివలె విస్తరించును. మంచు రేణువులతో బరువెక్కిన చల్లనిగాలి ఆ దాగలినుండి సంచులుగా జారును. ఒక్కొక్క సంచి వెడల్పు 1 మొదలు 3 కిలోమీటర్ల వరకుండును. ఆయువు సుమారు 10 నిమిషములు. ఇవి ఏర్పడు తీరును గూర్చి శాస్త్రజ్ఞులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు.

ఈ సంచులు స్వయముగా హాని చేయవు. కాని తల్లిమేఘము సమీపముననే యుండును. వాన కురియుచోటికి 10 కిలోమీటర్ల ఆవలగూడ పిడుగు పడవచ్చును. మన దేశమున పిడుగుపాటువలన ఏటా 2,000 మందికి పైగా మరణించుచున్నారు. వారిలో పొలము పనులవారే పెక్కురు. కావున ఈ వింతను చెట్టుక్రింద నిలిచి చూడరాదని మేము కోరుచున్నాము. గట్టి కప్పుగల ఇంటిలోనుండి చూడవచ్చును. కడపటి ఉరుము వినిన పిదప 30 నిమిషములు గడచినగాని పొలమునకు మరలరాదు. పశువులనుగూడ ఒంటిచెట్టుకు కట్టరాదు.